సర్వే డ్రాయింగ్ ఫ్లాటెన్ చేస్తే బ్లాకులు పాడవుతున్నాయి, పైగా బ్రిక్స్‌క్యాడ్ కి మారాలి – ఏం చేయాలి?

మీరు అడిగినవి నాకర్థమైనంతవరకు రెండండి. ఒకటి, టోటల్ స్టేషన్ (స్థలం కొలిచే పరికరం) సర్వే వాళ్లిచ్చిన ఫైల్ మీద లేఅవుట్ గీస్తుంటే ఫిల్లెట్ (రెండు గీతల్ని మూల దగ్గర కలపడం) పడట్లేదు, జాయిన్ అవ్వట్లేదు, హ్యాచ్ (లోపల చారలు నింపడం) కొడితే బౌండరీ దొరకలేదంటోంది, ఎవరో ఫ్లాటెన్ (అన్నిటినీ చదును చేసే కమాండ్) కొట్టమంటే కొట్టారు, డోర్ బ్లాకులన్నీ (ఒకసారి గీసి పేరు పెట్టి మళ్లీ మళ్లీ వాడుకునే బొమ్మలు) పాడయ్యాయి. రెండోది, పదిహేనేళ్లు ఆటోక్యాడ్ అనే డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్ మీద చేయి తిరిగాక ఇప్పుడు ఆఫీసులో దానిలాంటిదే ఇంకోటి, బ్రిక్స్‌క్యాడ్ తెస్తున్నారు, 41 ఏళ్లకి మళ్లీ అఆల నుంచి మొదలెట్టాలా అని.

మొదటిదానికి జవాబు: ఫ్లాటెన్ కమాండ్ ఆఖరి మందు, మొదటి మందు కాదు. ముందు ప్రాపర్టీస్ లో జెడ్ (అంటే ఎత్తు) సున్నా చేయండి, దానికి లొంగనివాటికి మూవ్ చిట్కా (కింద చెప్తాను), అప్పటికీ మిగిలిన నాలుగైదు వస్తువుల మీద మాత్రమే ఫ్లాటెన్. అదీ కాపీ ఫైల్ లోనే, సర్వేయర్ ఇచ్చిన ఒరిజినల్ ని ముట్టుకోవద్దు. రెండోదానికి: అఆలు అక్కర్లేదు, లైన్ లైనే, ట్రిమ్ ట్రిమ్మే. మీ టైం తినేది కమాండ్లు కాదు, ఫాంట్లు, టెంప్లేటు, ప్లాటింగ్.

ఇప్పుడు వివరంగా. నేను ఐటీఐలో డ్రాఫ్ట్స్‌మన్ సివిల్ రెండేళ్లు చదివి, కాకినాడలో ట్రేసింగ్ పేపర్ మీద ఇంకు పెన్నుతో మొదలెట్టినవాడిని, తప్పు గీస్తే సగం బ్లేడుతో గీకి సరిచేసే రోజులు. తర్వాత ఆటోక్యాడ్ ఆర్14, ఆ తర్వాత వచ్చినవన్నీ, ఇప్పుడు ఆరేళ్లుగా బ్రిక్స్‌క్యాడ్. సర్వే ఫైళ్లు మాత్రం మొదట్నుంచీ ఇదే తలనొప్పి.

అసలు ఏం జరుగుతోందంటే, సర్వే పాయింట్ కి ఎక్స్, వై తో పాటు జెడ్ ఉంటుంది, అది ఆ చోటి ఆర్ఎల్ (రెడ్యూస్డ్ లెవెల్, అంటే నేల ఎత్తు). మీరు పై నుంచి చూస్తున్నారు కాబట్టి మీ కంటికి అంతా చదునుగానే కనిపిస్తుంది. కానీ ఆ పాయింట్ కి నోడ్ స్నాప్ పడగానే (కర్సర్ సరిగ్గా ఆ పాయింట్ కి అతుక్కోగానే) మీ లైన్ ఒక కొస సున్నాలో, ఇంకో కొస గాల్లో. ఇలాంటి రెండు లైన్లు ప్లాన్ లో కలిసినట్టే ఉంటాయి, నిజానికి ఒకదాని మీదుగా ఒకటి పోతుంటాయి, ఫ్లైఓవర్ కింద రోడ్డులాగా. అవి ఒకదాన్నొకటి తాకనే తాకకపోతే ఫిల్లెట్ దేనికి కొడుతుంది చెప్పండి. పాలీలైన్ (ఒకే వస్తువుగా కలిసి ఉండే గీతల వరస, కమాండ్ పేరు పీలైన్) సంగతి ఇంకోలా ఉంటుంది, మామూలు పీలైన్ లో మొదటి పాయింట్ కి ఏ ఎత్తు దొరికితే పాలీలైన్ మొత్తం ఆ ఎత్తులోనే కూర్చుంటుంది. అందుకే పీలైన్ ఏరియా కరెక్టుగానే వస్తుంది, పక్క పీలైన్ తో జాయిన్ మాత్రం అవ్వదు. చాలామంది "ఏరియా కరెక్టే కదా, డ్రాయింగ్ లో ఏం లేదు" అనుకుని అక్కడే మోసపోతారు.

దీంట్లో పెద్ద ప్రమాదం ఫిల్లెట్ పడకపోవడం కాదండి, పడకపోతే కనీసం తెలుస్తుంది. పొడవులు మారిపోవడం ప్రమాదం. హైదరాబాద్ లో ఆర్ఎల్ 500 పైమాటే, అక్కడ 30 మీటర్ల లైన్ ఒక కొస 530 ఎత్తుకి స్నాప్ అయితే ప్రాపర్టీస్ లో పొడవు 530 దాటి చూపిస్తుంది, చూడగానే ఎవరికైనా అనుమానం వస్తుంది. మా కాకినాడ సముద్రం పక్కన, ఇక్కడ ఆర్ఎల్ 3 మీటర్లు ఉందనుకోండి, అదే 30 మీటర్ల లైన్ 30.15 అని చూపిస్తుంది. 15 సెంటీమీటర్లు! అది తప్పులా కనిపించదు, సైట్ కొలత తేడాలా కనిపిస్తుంది. ఒకసారి నేను పనిచేసే ఆఫీసులో కుర్రాడొకడు కాంపౌండ్ వాల్ మొత్తం ఇలా లైన్లతో గీసి లిస్ట్ కమాండ్ కొట్టి పొడవులు కూడేసి క్వాంటిటీ ఇచ్చేశాడు, డైమెన్షన్లు మాత్రం ప్లాన్ ప్రకారం కరెక్ట్ గానే పడ్డాయి, రెండూ కలవట్లేదు. మేస్త్రీతో టేపు తప్పని, సర్వేయర్ తో పాయింట్ తప్పని రెండు రోజులు గొడవ పడ్డాక, ఊరికే దూరం కొలిచే డిస్ట్ కొట్టి చూస్తే డెల్టా జెడ్ అని కింద 3.02 కనిపించింది. డిస్ట్ కమాండ్ ఆ మూడు డెల్టాలూ ఎప్పుడూ చూపిస్తూనే ఉంటుంది, మనమే ఆ లైన్ దాకా చదవం. ఆ రోజు నుంచి సర్వే ఫైల్ ఏదొచ్చినా నేను ముందు అదే చూస్తాను.

చూసుకునే పద్ధతి ఏ సాఫ్ట్‌వేర్ లో అయినా ఒకటే: ఫ్రంట్ వ్యూ కి వెళ్లండి. డ్రాయింగ్ చదునుగా ఉంటే మొత్తం ఒక్క అడ్డగీతలా కనపడాలి. కొండలూ లోయలూ కనిపించాయంటే జెడ్ ఉన్నట్టే. తిరిగి టాప్ కి వచ్చి కంట్రోల్ ఏ కొట్టి ప్రాపర్టీస్ తెరిచి పైన లిస్టులో లైన్ మాత్రమే ఎంచుకోండి, స్టార్ట్ జెడ్, ఎండ్ జెడ్ దగ్గర "వేరీస్" అని ఉంటే అక్కడ సున్నా టైప్ చేసి ఎంటర్. పాలీలైన్ కి ఎలివేషన్ అని ఉంటుంది, సర్కిల్, ఆర్క్ కి సెంటర్ జెడ్, బ్లాక్ కి టెక్స్ట్ కి పొజిషన్ జెడ్. ఇలా రకం రకంగా చేస్తే ఐదు నిమిషాలు పడుతుంది, కానీ ఏదీ పాడవ్వదు. మొత్తం ఫైల్ కి ఇదే సరిపోవడం నేను చాలాసార్లు చూశాను.

ఇక మూవ్ చిట్కా, పాత డ్రాఫ్ట్స్‌మన్లకి ఇది తాతల నాటి వైద్యం. ముందు యూసీఎస్ (ఎక్స్, వై, జెడ్ దిక్కులు ఎటో చెప్పేది) ని వరల్డ్ లో పెట్టండి, లేయర్లన్నీ అన్‌లాక్, థా (ఫ్రీజ్ చేసినవి తెరవడం) చేయండి (లాక్ అయిన లేయర్ కదలదు, ఇది మర్చిపోయి "పనిచేయట్లేదు" అనేవాళ్లే ఎక్కువ). మూవ్ కొట్టి అన్నీ సెలెక్ట్ చేసి 0,0,1ఈ99 అని టైప్ చేసి ఎంటర్, మళ్లీ ఉత్తి ఎంటర్. ఆ 1కీ 99కీ మధ్య కొట్టాల్సింది కీబోర్డు మీది ఇంగ్లీష్ ఈ అక్షరం, అంటే 1 పక్కన 99 సున్నాలు. వెంటనే మళ్లీ మూవ్, ప్రీవియస్ సెలెక్షన్, 0,0,-1ఈ99, ఎంటర్, ఎంటర్. మధ్యలో స్క్రీన్ ఖాళీ అయిపోయినా కంగారు పడకండి, రెండో మూవ్ కి వచ్చేస్తాయి. ఇది ఎందుకు పనిచేస్తుందంటే, కంప్యూటర్ ఒక సంఖ్యని 15, 16 అంకెల వరకే కచ్చితంగా గుర్తుపెట్టుకోగలదు. అంత పెద్ద సంఖ్యకి మీ 3.02 కలిపితే సముద్రంలో చెంబుడు నీళ్లు పోసినట్టు కలిసిపోతుంది, తిరిగి అంతే తీసేస్తే మిగిలేది సున్నా. ఎక్స్, వై లకి మనం సున్నానే ఇచ్చాం కాబట్టి అవి కదలవు.

దీనికి లొంగనివి కొన్నుంటాయి. బ్లాక్ లోపల ఉన్న గీతలకి జెడ్ ఉంటే మూవ్ బయట బ్లాక్ నే కదుపుతుంది, లోపలిది అలాగే ఉంటుంది, దానికి బ్లాక్ ఎడిటర్ తెరిచి లోపల ఇదే పని చేయాలి, ఒక బ్లాక్ లో చేస్తే ఆ పేరున్నవన్నీ సరవుతాయి. ఎక్స్‌రెఫ్ (బయటి ఫైల్ ని లింకుగా తెచ్చి చూపించడం) అయితే ఆ అసలు ఫైల్ లోకి వెళ్లి చేయాలి. ఎవరో వేరే యూసీఎస్ లో వాలుగా గీసిన సర్కిళ్లు, ఆర్కులు కూడా లొంగవు, వాటి వాలు అలాగే ఉంటుంది. ఫ్లాటెన్ అసలు అవసరం ఈ వాలు వాటికే.

ఫ్లాటెన్ కొట్టేముందు ప్లాన్ వ్యూ లో ఉన్నామో లేదో చూసుకోండి, ఎందుకంటే అది ప్రస్తుతం మీరు చూస్తున్న వైపు నుంచి నొక్కేస్తుంది, పక్కకి తిప్పి ఉన్న వ్యూ లో కొడితే వంకరగా నొక్కేస్తుంది. హిడెన్ లైన్లు తీసేయనా అని అడుగుతుంది, మామూలు సర్వే ఫైల్ కి నో చాలు. మీ డోర్ బ్లాకులు పాడవ్వడం ఈ కమాండ్ స్వభావమే, అది బ్లాకుల్ని కూడా విప్పి మళ్లీ తనదైన పద్ధతిలో కట్టేస్తుంది, నా ఫైల్ లో కూడా ఒకసారి డైనమిక్ డోర్లన్నీ సాగడం మానేశాయి, బ్లాకు పేర్లు మారిపోయి డోర్ షెడ్యూల్ లెక్క మొత్తం పోయింది. కాబట్టి మీ పాడైన ఫైల్ ని బాగు చేయాలని కూర్చోకండి, బ్యాకప్ నుంచి మొదలెట్టండి, పై రెండు పద్ధతులూ వాడండి, టైం కలిసొస్తుంది. ఆటోక్యాడ్ లో ఫ్లాటెన్ ఎక్స్‌ప్రెస్ టూల్స్ లో భాగం, ఇన్‌స్టాల్ చేసేటప్పుడు అవి పెట్టకపోతే కమాండ్ తెలియదంటుంది, అలాంటి చోట కూడా మూవ్ చిట్కా నడుస్తుంది.

చదును చేశాక ఓవర్‌కిల్ (ఒకదాని మీద ఒకటి పడ్డ డూప్లికేట్ గీతలు తీసేసే కమాండ్) కొట్టడం మర్చిపోవద్దు. ముఖ్యంగా స్కెచప్, రెవిట్ నుంచి ఎగుమతి చేసిన ఫైళ్లలో గోడ పై అంచు, కింద అంచు రెండూ ఉంటాయి, చదును చేయగానే ఒకదాని మీద ఒకటి పడతాయి. చూడ్డానికి ఒక్కటే, ట్రిమ్ చేస్తే ఒకటి పోయి కింద ఇంకోటి అలాగే ఉంటుంది, మన కళ్లు తిరుగుతాయి. నిజమైన త్రీడీ సాలిడ్లు ఉంటే మాత్రం ఫ్లాటెన్ జోలికి వెళ్లకండి, వాటికి ఫ్లాట్‌షాట్ అని వేరే కమాండ్ ఉంది.

ఒరిజినల్ ఎందుకు ముట్టుకోవద్దంటున్నానంటే, ఆర్ఎల్ అంటే సర్వేయర్ ఎండలో నిలబడి తెచ్చిన సరుకు. సున్నా చేసి సేవ్ కొట్టేస్తే పోతుంది. పక్కన టెక్స్ట్ గా రాసిన లెవెల్ అంకెలు మిగులుతాయి కానీ పాయింట్లలో ఎత్తు ఉండదు, రేపు కాంటూర్లు వేయాలన్నా, కటింగ్ ఫిల్లింగ్ లెక్క తీయాలన్నా పనికిరాదు. మా దగ్గర ఒకసారి ఇదే జరిగి సర్వేయర్ కి ఫోన్ చేసి పాయింట్ల ఫైల్ మళ్లీ అడగాల్సి వచ్చింది, అతను రెండు నెలల పాత డేటా ఉంచుకోవడం మా అదృష్టం. ఇప్పుడు నేను చేసేది: ఒరిజినల్ ఒక ఫోల్డర్ లో రీడ్ ఓన్లీ, చదును చేసిన కాపీ ఇంకో పేరుతో, ఆ కాపీని ఎక్స్‌రెఫ్ గా తెచ్చుకుని దాని మీద గీయడం. ఒరిజినల్ మీదే గీయక తప్పని పరిస్థితి అయితే ఓస్నాప్‌జెడ్ ని 1 చేసుకోండి, అప్పుడు స్నాప్ ఎక్కడ పడ్డా జెడ్ మాత్రం ప్రస్తుత ఎలివేషన్ దే తీసుకుంటుంది. అసలు ఈ ఒక్క సెట్టింగ్ ముందే తెలిసుంటే నా జీవితంలో సగం ఫ్లాటెన్లు తప్పేవి.

ఇంకోటి. హ్యాచ్ పడకపోతే ప్రతిసారీ జెడ్ తప్పే అనుకోకండి. సర్వే యూటీఎం (భూమిని జోన్లుగా విడగొట్టి మీటర్లలో చోటు చెప్పే పద్ధతి) కోఆర్డినేట్లలో వచ్చిందనుకోండి, మన వైపు చాలావరకు 44వ జోన్, నార్తింగ్ 18 లక్షల మీటర్ల దగ్గర ఉంటుంది, అంటే మీ ప్లాటు ఆరిజిన్ (0,0 పాయింట్) కి 1800 కిలోమీటర్ల అవతల. అంత దూరంలో హ్యాచ్ తప్పటడుగులు వేస్తుంది. ఒక కాపీలో బౌండరీని ఆరిజిన్ దగ్గరికి తెచ్చి హ్యాచ్ కొట్టి చూడండి, పడిందంటే జబ్బు దూరానిది, జెడ్ ది కాదు. ఎంత కదిపారో ఆ అంకె డ్రాయింగ్ లోనే ఒక మూల రాసిపెట్టుకోండి.

సరే, బ్రిక్స్‌క్యాడ్ సంగతి.

ఇది బెల్జియంలోని బ్రిక్సిస్ వాళ్లది, 2018లో హెక్సగాన్ కొనుక్కుంది. ఆటోడెస్క్ 2016లో కొత్తగా శాశ్వత లైసెన్సులు అమ్మడం ఆపేసి ఏటేటా కట్టే పద్ధతికి వెళ్లాక చిన్న ఆఫీసులు ఇలాంటివాటి వైపు చూడటం మొదలెట్టాయి, మీ ఓనర్ గారి లెక్క కూడా అదే అయ్యుంటుంది, అందులో తప్పు లేదు. ఫైల్ ఆటోక్యాడ్ వాడే డీడబ్ల్యూజీనే, కమాండ్ పేర్లు చాలావరకు అవే, ఎల్ కొడితే లైన్, టీఆర్ కొడితే ట్రిమ్. ఫ్లాటెన్, ఓవర్‌కిల్ అనే టైప్ చేయండి, ఉన్నాయి. పదిహేనేళ్ల వేళ్ల అలవాటు ఎక్కడికీ పోదు. మీరు మార్చుకున్న సొంత షార్ట్‌కట్లు ఉంటే ఆ పీజీపీ ఫైల్ లోవి కొత్తదాంట్లోకి తెచ్చుకోండి, మొదటి రోజు మొదటి పని ఇదే.

యూట్యూబ్ కోర్సులు చూస్తూ కూర్చోకండి. ఇది నా గట్టి అభిప్రాయం, కొంతమంది ఒప్పుకోరు. ఆ కోర్సులు లైన్ ఎలా గీయాలో చెప్తాయి, అది మీకు తెలుసు. దానికి బదులు మీరు ఇదివరకే పూర్తి చేసి, అప్రూవల్ కూడా వచ్చేసిన ఒక చిన్న ఇంటి జాబ్ తీసుకోండి, జీ ప్లస్ వన్ చాలు. పాత ఫైల్ తెరవకుండా, ప్రింట్ పక్కన పెట్టుకుని, ఖాళీ డ్రాయింగ్ నుంచి ఏ1 షీట్ పీడీఎఫ్ వచ్చేదాకా కొత్తదాంట్లో గీయండి. పాత పీడీఎఫ్, కొత్త పీడీఎఫ్ పక్కపక్కన పెట్టి చూడండి. ఎక్కడెక్కడ ఆగిపోయారో అదే మీరు నేర్చుకోవాల్సిన సిలబస్, అంతకుమించి ఏమీ లేదు. నాకు నాలుగు రోజులు పట్టింది, అందులో గీయడానికి ఒకటిన్నర రోజు, మిగతా రెండున్నర రోజులూ ప్లాటింగ్ తోనే పోయాయి.

ఎందుకంటే సీటీబీ ఫైల్ (ఏ రంగుకి ఎంత మందం పెన్నో చెప్పేది) తెచ్చి పెడితే పెన్ మందాలు అవే వస్తాయి, బాగుంది, కానీ పేజ్ సెటప్ లో పాత పీడీఎఫ్ ప్రింటర్ పేరు ఉంటుంది, అది ఇక్కడ ఉండదు. బ్రిక్స్‌క్యాడ్ కి తన పీడీఎఫ్ ప్రింటర్ వేరే. ప్రతి లేఅవుట్ లో అది మార్చి, పేపర్ సైజు మళ్లీ చూసుకుని, టెంప్లేట్ లో సేవ్ చేసుకోండి, ఒక్కసారి చేస్తే చాలు. మొదట్లో విసుగు తెప్పించేవి ఇంకో రెండు: కర్సర్ ఏదైనా గీత మీద పెట్టగానే గుండీల గుంపు ఒకటి లేస్తుంది, దాన్ని క్వాడ్ అంటారు, కింద స్టేటస్ బార్ లో ఆపేయొచ్చు. ఆప్షన్స్ అని పాత అలవాటుతో వెతికితే చాంతాడంత సెట్టింగుల లిస్ట్ వస్తుంది, భయపడకండి, పైన వెతుకుడు పెట్టె ఉంది, ఓస్నాప్‌జెడ్ అని కొట్టినా అక్కడే దొరుకుతుంది, ఇప్పుడు నాకు అదే ఆటోక్యాడ్ కంటే సులువనిపిస్తోంది.

లిస్ప్ లు (పని సులువు చేసుకోడానికి రాసుకునే చిన్న ప్రోగ్రాములు): మామూలు టెక్స్ట్ లిస్ప్ లు చాలావరకు అలాగే నడుస్తాయి. కంపైల్ చేసిన విఎల్ఎక్స్, ఎఫ్ఏఎస్ ఫైళ్లు నడవవు, ఎవరు రాశారో వాళ్ల దగ్గర అసలు కోడ్ అడిగి తీసుకోండి, ఇప్పుడే, ఆ మనిషి ఉద్యోగం మారకముందే.

మన దగ్గర మాత్రమే వచ్చే చిక్కు ఇంకోటుంది, తెలుగు టెక్స్ట్. ఊరి పేర్లు, సర్వే నంబర్ల పక్కన రైతుల పేర్లు అను ఫాంట్లలో టైప్ చేసిన పాత డ్రాయింగులు మీ దగ్గరా ఉండే ఉంటాయి. అవి యూనికోడ్ కాదు, కొత్త కంప్యూటర్ లో ఆ ఫాంట్ లేకపోతే పిచ్చి ఇంగ్లీష్ గుర్తులు కనిపిస్తాయి, సాఫ్ట్‌వేర్ పాడుచేసింది అనుకుంటారు, పాపం దాని తప్పేం లేదు. ఫాంట్ ఇన్‌స్టాల్ చేస్తే వచ్చేస్తాయి. కొత్తగా టైప్ చేసేవాటికి మాత్రం గౌతమి, నిర్మలా లాంటి యూనికోడ్ ట్రూటైప్ ఫాంటే వాడండి, ఒత్తులు సరిగ్గా పడ్డాయో లేదో పీడీఎఫ్ లో ఒకసారి చదివి చూడండి.

పాత లైసెన్స్ ఎప్పుడు వదిలేయాలి అని కూడా చివర్లో అడిగారు. వెంటనే వద్దు. మునిసిపల్ అప్రూవల్ కి ప్రీడీసీఆర్ (ప్లాన్ ని ఆన్‌లైన్ పరిశీలనకి సిద్ధం చేసే సాఫ్ట్‌వేర్) లో లేయర్లు మార్క్ చేసి పంపే పని మీ ఆఫీసులో ఉంటే, ఆ పని ఏ మెషిన్ మీద నడుస్తుందో ముందు తేల్చుకోండి, ఒక నిజమైన ఫైల్ ని మొదటి నుంచి చివరిదాకా పంపి చూశాకే నిర్ణయం తీసుకోండి (అన్నట్టు అక్కడ ప్లాట్ బౌండరీ క్లోజ్డ్ పాలీలైన్ అయ్యుండాలి, మీ జెడ్ గొడవ తీరకపోతే అక్కడా జాయిన్ అవ్వక మళ్లీ మొదటికే వస్తారు). మేము ఆరుగురిలో ఐదుగురం మారాం, ఒక్క ఆటోక్యాడ్ సీటు మాత్రం ఈరోజుకీ ఆ మూల కంప్యూటర్ లో అలాగే ఉంది, అవసరమైనవాళ్లు వెళ్లి కూర్చుని పని చూసుకుని వచ్చేస్తారు. మీ ఓనర్ గారితో ఆ ఒక్క సీటు సంగతి ఇప్పుడే మాట్లాడుకోండి.